వడ్ల సెంటర్ సీరియల్ పుస్తకం: ఒక వెబ్ పేజీ డైరీ

మార్చి 8, శనివారం

చిన్నమ్మ రాసే పొడుగు సీరియల్ పుస్తకాన్ని, అంటే రైతుల వరుస నంబర్ల పుస్తకాన్ని, ఇవ్వాళ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. హాలియా దగ్గర మా ఊళ్లో మహిళా సంఘం నడిపే ఐకేపీ వడ్ల సెంటర్‌లో, అంటే సర్కారు తరఫున వడ్లు కొనే చోట, రాతపనంతా ఆమెదే. సాగర్ ఎడమ కాలువ కింది ఊరు మాది. యాసంగి కోతలు ఊపందుకుంటే కల్లం నిండా కుప్పలే, నడవడానికి సందు దొరకదు.

"పోయినసారి సీరియల్ కాడ పెద్ద లొల్లి అయింది బిడ్డా. పుస్తకం నా కాడ ఉంటది, రైతు ఇంటికాడ ఉంటడు. ఆయన నంబరు ఎందాక వచ్చిందో ఫోన్ల చూసుకునేటట్టు చెయ్యరాదా?" అని సంక్రాంతికి వచ్చినప్పుడు అడిగింది. అప్పటినుంచి ఈ పని నా మనసులో తిరుగుతూనే ఉంది.

కోడ్ జోలికి పోకుండా ముందు ఆమె పద్ధతి రాసుకున్నాను. ట్రాక్టర్ రాగానే నంబరు పడుతుంది. పేరు, తండ్రి పేరు, సన్నాలా దొడ్డా, అందాజగా ఎన్ని బస్తాలు. తేమ మిషన్‌లో గింజలు పోసి చూస్తుంది. 17 శాతం దాటకూడదు. దాటితే నంబరు చుట్టూ సున్నా చుడుతుంది. ఆరబోసిన వడ్లు ఆరాక మళ్లీ చూసి, సరిపోతే పక్కన టిక్కు పెడుతుంది. కాంటా మాత్రం టిక్కు పడ్డవాళ్లలో చిన్న నంబరుకే ముందు. గన్నీ సంచులు కూడా అదే వరుసలో ఇస్తారు. తర్వాత బస్తాకు 40 కిలోల లెక్కన తూకం, కుట్టు, లారీ, మిర్యాలగూడ మిల్లు. కాంటా అయ్యాక వివరాలు సర్కారు ట్యాబ్‌లో ఎక్కుతాయి. దాని జోలికి నేను పోవడం లేదు.

నా పేజీ ట్రాక్టర్ దిగినప్పటి నుంచి కాంటా పడేదాకా ఉన్న రోజుల కోసమే. రైతుకు టెన్షన్ అంతా ఆ రోజుల్లోనే. 2024-25 సీజన్‌కు ఏ గ్రేడు వడ్లకు క్వింటాలుకు 2320 రూపాయలు మద్దతు ధర, సన్నాలకు పైన 500 బోనస్ ప్రకటించారు. కానీ తన వంతు ఎప్పుడొస్తుందో తెలియని మనిషి, మబ్బు పట్టగానే బయట వ్యాపారికి తక్కువకే ఇచ్చి ఇంటికి పోతాడు. ఎన్ని నంబర్ల తర్వాత తన కాంటానో తెలిస్తే ఇంకో రెండు రోజులు ఆగుతాడు.

ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు కూడా పెట్టమని చిన్నమ్మ అంది. వద్దన్నాను. వరుస చూపించడానికి అవి అక్కర్లేదు. అక్కర్లేనిది దాచి పెట్టుకుంటే రేపు దానికి కాపలా కూడా మనమే కాయాలి. ఆమె ఒప్పుకుంది.

మార్చి 16, ఆదివారం

హైదరాబాద్‌లో నా ఉద్యోగం వెబ్ పేజీలు కట్టే రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో. అలవాటు కొద్దీ దీన్నీ అందులోనే మొదలుపెట్టాను. రెండు సాయంత్రాల్లో ఫారం, పట్టిక, అందమైన బటన్లు అన్నీ తయారయ్యాయి. నా ల్యాప్‌టాప్‌లో రెప్పపాటులో తెరుచుకుంది.

ఇవ్వాళ సెంటర్ షెడ్డు కింద చిన్నమ్మ ఫోన్‌లో తెరిచాం. రెండు జీబీ ర్యామ్ ఫోను, సిగ్నల్ ఒక గీత. తెల్లటి తెర మీద చుక్కలు తిరుగుతున్నాయి. ఆమె చేత్తో ఎండ అడ్డం పెట్టుకుని చూస్తోంది. పదకొండు సెకన్లకు పేజీ వచ్చింది. బటన్ కనిపించింది, నొక్కింది, ఏమీ కాలేదు. మళ్లీ నొక్కింది. బొమ్మ వచ్చినా స్క్రిప్ట్ ఇంకా దిగుతూనే ఉంది.

"ఇది తెరుసుకునేదాక రైతు నిలబడతడా?" అంది. ఆ మాటే ఈ పనికి నేను పెట్టుకున్న మొదటి షరతు. పుస్తకం తెరవడానికి ఎంతసేపు పడుతుందో, పేజీ అంతసేపట్లో తెరుచుకోవాలి.

లెక్క చూస్తే లైబ్రరీలు, బటన్ల సామాను, తెలుగు ఫాంటు కలిపి 900 కేబీ దాటింది. 2013లో వచ్చిన రియాక్ట్ మీద నాకు ఫిర్యాదు లేదు. తెర మీద పది చోట్ల ఒకేసారి మారిపోయే పనులకు అది చక్కటి పనిముట్టు. ఇక్కడ ఉన్నది ఒక ఫారం, ఒక పట్టిక. సాయంత్రం ఆ ఫోల్డర్ పక్కన పెట్టి, పేజీలోని మాటలకు ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలు, దాని రూపుకు ఒక సీఎస్ఎస్, అది చేసే పనికి ఒక జావాస్క్రిప్ట్, ఈ మూడింటితో మళ్లీ మొదలుపెట్టాను. 34 కేబీ.

వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధన సంస్థ నుంచి 1991లో బయటి ప్రపంచానికి చూపించిన మొట్టమొదటి వెబ్‌సైటు పేజీలు ఇప్పటి బ్రౌజర్‌లో కూడా ఏ సవరణా లేకుండా తెరుచుకుంటాయి. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ టెక్నాలజీని ఎవరైనా వాడుకోవచ్చని రాసిచ్చింది కాబట్టే నేను ఎవరికీ పైసా కట్టకుండా మా ఊరి కల్లానికి పేజీ చేయగలుగుతున్నాను. సాదా హెచ్‌టీఎంఎల్‌లో రాసింది ఐదేళ్ల తర్వాత నేను చూడకపోయినా నడుస్తుందనే నమ్మకం నాకుంది. చిన్నమ్మకు కావాల్సింది అలాంటిదే.

మార్చి 23, ఆదివారం

ఇవ్వాళంతా తెలుగు అక్షరాలతోనే గడిచింది.

పేరు గడికి ఇరవై అక్షరాల హద్దు పెట్టాను. ఇంటిపేరుతో కలిపి లక్ష్మమ్మ పేరు ఎక్కిస్తుంటే మధ్యలో ఆగిపోయింది. మన కంటికి లక్ష్మమ్మ అంటే మూడు అక్షరాలు: ల, క్ష్మ, మ్మ. కంప్యూటర్లు అక్షరాలకు వాడే యూనికోడ్ లెక్కలో తొమ్మిది. ప్రతి వత్తుకూ ముందు ఒక విరామ గుర్తు ఉంటుంది, దాన్నీ ఒకటిగా లెక్కిస్తుంది. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాస్తే ఒక్కో గుర్తుకు మూడు బైట్లు, మొత్తం 27. ఇంగ్లిష్ పేర్లు చూసి పెట్టిన హద్దు మన పేర్లకు చాలదు. హద్దే తీసేశాను.

తర్వాత వత్తులు తెగిపోవడం. పట్టికలో వరుసలు దగ్గరగా ఉంటే బాగుంటుందని లైన్-హైట్, అంటే వరుస ఎత్తు, 1.2 పెట్టాను. క్ష్మ కింద ఉన్న మ వత్తు సగం కనబడలేదు. 1.7కి పెంచితే గానీ పూర్తిగా కనిపించలేదు. ఒక్కో తెరలో నాలుగు వరుసలు తగ్గాయి, తగ్గనీ. మనిషి పేరు కాళ్లు నరికి చూపించడం నాకు ఇష్టం లేదు. ఫాంటు మాత్రం తీసేశాను. చిన్నమ్మ ఫోన్‌లోనూ, నేను అడిగి చూసిన మరో ఆరు ఫోన్లలోనూ తెలుగు ఫాంటు ముందే ఉంది, మళ్లీ దింపడం ఎందుకు?

అన్నిటికంటే పెద్ద చిక్కు సైదులు. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని పుట్టిన పిల్లలకు సైదులు, సైదమ్మ, జానయ్య అని పెట్టుకోవడం మా వైపు ఇంటింటా ఉంది. వెతుకుడు గడిలో సైదులు అని కొడితే పోయిన సీజన్ పేర్లలో పద్నాలుగు మంది వచ్చారు. ఊళ్లో వాళ్లను ఎవరూ ఇంటిపేరుతో పిలవరు. వాగు కాడి సైదులు, ట్రాక్టర్ సైదులు, మేస్త్రి సైదులు. పుస్తకంలో చిన్నమ్మ పేరు పక్కన చిన్న అక్షరాలతో ఆ గుర్తు రాసుకుంటుందని అప్పుడు గమనించాను. నేను గీసిన పట్టికలో దానికి చోటే లేదు. 'గుర్తు' అని ఒక గడి కలిపాను. ఆ రోజు చేసిన పనుల్లో ఆమెకు బాగా నచ్చింది అదే.

మార్చి 30, ఉగాది

పచ్చడి తిని కల్లానికి పోయాం. మధ్యాహ్నం ఒంటిగంట ఎండలో తెర చూడటమే నా పరీక్ష. ఆఫీసులో మేం ముద్దుగా వాడే లేత బూడిద రంగు అక్షరాలు ఇక్కడ కనబడనే లేదు. తెలుపు మీద ఆ బూడిద రంగుకు కాంట్రాస్ట్, అంటే రెండు రంగుల వెలుగు తేడా, 2.85. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. ఎండలో నిలబడితే ఆ అంకె ఎందుకు పెట్టారో అర్థమైంది. తెల్లటి నేల మీద నల్లటి అక్షరాలు, అంతే.

తేమ అంకె కొట్టేటప్పుడు మామూలు కీబోర్డు వస్తోంది. ఇన్‌పుట్‌మోడ్ డెసిమల్ అని ఒక మాట చేరిస్తే పెద్ద పెద్ద అంకెలు, చుక్క ఉన్న కీబోర్డు వచ్చింది. దుమ్ము పట్టిన వేళ్లతో 16.8 తప్పు లేకుండా కొట్టగలిగింది.

ఏప్రిల్ 6, శ్రీరామనవమి

సెంటర్ మొదలై నాలుగు రోజులు. సిగ్నల్ లేకపోయినా పేజీ తెరుచుకుంటోంది. సర్వీస్ వర్కర్ అని బ్రౌజర్ వెనక నడిచే స్క్రిప్ట్ మూడు ఫైళ్లనూ ఫోన్‌లోనే దాచుకుంటుంది, ఎంట్రీలు బ్రౌజర్‌లోనే ఉండే ఇండెక్స్‌డ్‌డీబీ అనే డేటాబేస్‌లో పడతాయి. సిగ్నల్ దొరికినప్పుడు నంబరు, దాని స్థితి మాత్రమే పైకి పోతాయి. రైతులు చూసే పేజీలో పేర్లు ఉండవు. ఫలానా నంబరు ఆరుతోంది, ఫలానా నంబరుకు కాంటా అవుతోంది, ఇంతే.

ఒక భయం ఉండేది. ఫోన్‌లో జాగా నిండితే బ్రౌజర్ ఇలాంటి డేటాను తనంతట తానే తీసేయవచ్చు. చిన్నమ్మ ఫోన్ వాట్సాప్ వీడియోలతో నిండిపోయి ఉంది. స్టోరేజ్ పర్సిస్ట్ అని బ్రౌజర్‌ను అడిగే ఏర్పాటు ఉంది, అడిగాను, ఒప్పుకుంది. అయినా పుస్తకం రాయడం ఆపవద్దని ఆమెకు గట్టిగా చెప్పి వచ్చాను.

ఏప్రిల్ 13, ఆదివారం

పొద్దున ఏడున్నరకు ఫోను. నేను హైదరాబాద్‌లో ఉన్నాను.

"బిడ్డా, తెల్లారుజామున వచ్చిన ట్రాక్టర్ అందరికన్న ముందుకు పోయింది. నిన్న పొద్దున వచ్చినాయన చీటీ పట్టుకుని నా ముందల నిలబడ్డడు. చీటీ మీద 41, ఫోన్ల 42. నేనేం చెప్పాలె?"

"పుస్తకంలో ఎట్లుంటే అట్లే చెప్పు చిన్నమ్మా. ఫోన్ పక్కన పెట్టు" అన్నాను. చేతులు చల్లబడ్డాయి. ఏ లొల్లి ఆపడానికి ఈ పేజీ చేశానో, ఆ లొల్లిని అదే తెచ్చింది.

కారణం వెతకడానికి గంట పట్టింది. తేదీని ఒక గడిలో, టైమును ఇంకో గడిలో దాచాను. టైము ఫోన్ గడియారం ప్రకారం 4:50, అది సరిగ్గానే ఉంది. తేదీకి మాత్రం చాలామంది వాడే అడ్డదారి వాడాను: టుఐఎస్ఓస్ట్రింగ్ అనే జావాస్క్రిప్ట్ ఫంక్షన్ ఇచ్చిన తేదీ-టైము వరుసలో మొదటి పది గుర్తులు కత్తిరించడం. ఆ ఫంక్షన్ ఇచ్చేది మన టైము కాదు, యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక టైము. అది మనకంటే ఐదున్నర గంటలు వెనక. మనకు 13వ తేదీ తెల్లవారుజాము 4:50 అయితే, అక్కడ ఇంకా 12 రాత్రి 11:20. అందుకే ఆ ట్రాక్టర్ '12వ తేదీ, 4:50' అని పడింది. 12న మొదటి ట్రాక్టర్ వచ్చింది ఏడు గంటలకు. కాబట్టి ఈయన నిన్నటివాళ్లందరి నెత్తిన ఎక్కాడు.

అర్ధరాత్రి దాటినప్పటి నుంచి ఐదున్నర దాకా ఎక్కించే ప్రతి ఎంట్రీకీ ఈ తప్పు జరుగుతుంది. నేను పగలే పరీక్షించాను, రాత్రి ఒక్కసారి కూడా చూడలేదు. కోత మిషన్లు రాత్రంతా నడుస్తాయని, వడ్లు తెల్లారేసరికి కల్లానికి చేరతాయని నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. తెలిసినదాన్ని కోడ్ దగ్గర తలుచుకోలేదు.

తేదీ తప్పు ఒక్క లైనులో పోయింది. దాని వెనక ఇంకో తప్పు ఉంది, అది పెద్దది. సీరియల్ నంబరును నేను ఎక్కడా దాచలేదు. ఎంట్రీలను తేదీ, టైము ప్రకారం పేర్చి, పేర్చిన వరుసలో లెక్కపెట్టి చూపించాను. అందుకే ఒక్క మనిషి ముందుకు దూరితే వెనకున్న అందరి నంబర్లూ ఒక్కొక్కటి జరిగాయి. పుస్తకంలో అలా జరగడానికి వీల్లేదు. నలభై ఒకటో గీత మీద రాసింది ఎప్పటికీ నలభై ఒకటే. గడియారం తప్పు చూపించినా, చిన్నమ్మ తేదీ తప్పు వేసినా, గీత కదలదు.

రాత్రి మార్చేశాను. ఇండెక్స్‌డ్‌డీబీలో ఆటోఇంక్రిమెంట్ అని ఒక ఏర్పాటు ఉంది. ఎంట్రీ పడగానే అది తర్వాతి నంబరు ఇస్తుంది, ఆ ఎంట్రీని తీసేసినా ఆ నంబరు ఇంకొకరికి ఇవ్వదు. ఇప్పుడు వరుస ఆ నంబరుదే. తేదీ, టైము చూసుకోవడానికి మాత్రమే, వరుస పేర్చడానికి కాదు.

కొత్త పేజీ ఫోన్‌లోకి చేరడానికి ఇంకో అరగంట. పాత సర్వీస్ వర్కర్, తెరిచి ఉన్న ట్యాబులన్నీ మూసేదాకా కొత్తదానికి దారి ఇవ్వదు. చిన్నమ్మ చేత అన్నీ మూయించి మళ్లీ తెరిపించాను.

ఏప్రిల్ 19, శనివారం

ఊరికి రాగానే ఆ 41వ నంబరు పెద్దాయన దగ్గరికి పోయాను. కుప్ప దగ్గర గొడుగు వేసుకుని కూర్చున్నాడు. చొక్కా జేబులోంచి చీటీ తీశాడు, నాలుగు మడతలు, చెమటకు అంచులు మెత్తబడిపోయాయి. సిరా కొంచెం పాకినా 41 కనబడుతోంది. తప్పు నాదని, చిన్నమ్మది కాదని చెప్పాను. గడియారం కథ కూడా చెప్పాను, ఓపికగా విన్నాడు.

"ఇగ మారదు గద?" అన్నాడు.

"మారదు పెద్దనాన్నా" అన్నాను.

ఆ మాట ఇచ్చాక సెంటర్‌లో కూర్చుని ఫోన్ గడియారం ముందుకూ వెనక్కూ తిప్పి, యాభై దొంగ ఎంట్రీలు నా ఫోన్‌లో ఎక్కించి, కొన్ని తీసేసి మళ్లీ చూశాను. నంబర్లు కదల్లేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

రాత్రి గాలిదుమారం, వెంటనే వాన. ఊరంతా టార్చిలైట్లతో కల్లానికి పరుగెత్తింది. నేనూ కుప్పల మీది టార్పాలిన్ పట్టాల కొసలు పట్టుకుని రాళ్లు పెట్టాను. రెండు పట్టాలు ఎగిరిపోయాయి.

పొద్దున తేమ మళ్లీ చూస్తే, నిన్న 16.4 ఉన్న కుప్ప 21 దాటింది. చిన్నమ్మ ఫోన్‌లో మార్చబోతే దారి లేదు. ఒకసారి టిక్కు పడ్డాక తేమ గడిని నేనే మూసేశాను. ఆరిన వడ్లు మళ్లీ తడుస్తాయని నా కోడ్‌కు తెలియదు. టిక్కు ఉన్నట్టే ఉంచితే తడి వడ్లు కాంటాకు పిలుస్తాం, మిల్లు దగ్గర లారీ ఆగిపోతుంది.

షెడ్డులోనే కూర్చుని మార్చాను. ఇప్పుడు తేమ ఒక గడి కాదు, ప్రతి కొలతా తనంతట ఒక వరుస. ఎప్పుడు చూశారు, ఎంత వచ్చింది. టిక్కు అనేది దాచేది కాదు, ఆఖరి కొలతను బట్టి అప్పటికప్పుడు తేలేది. పాత కొలత చెరిగిపోదు. చిన్నమ్మ కూడా పుస్తకంలో ఏదీ రబ్బరుతో తుడపదు. అడ్డగీత కొట్టి పక్కన రాస్తుంది, కింద ఏముందో చదవొచ్చు. ఆమె నాకు మొదటి రోజే చూపించింది ఈ పద్ధతి. నంబరు మాత్రం పోలేదు. తడిసినవాళ్లు ఎవరి నంబరు మీద వాళ్లే ఉండి, ఆరగానే మళ్లీ ముందుకు వచ్చారు.

మే 4, ఆదివారం

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు, ఉన్నా చూడటం రానివాళ్లు సగం మంది. వాళ్ల కోసం రోజూ సాయంత్రం వరుసను కాగితం మీద తీసి సెంటర్ గోడకు అంటిస్తున్నాం. ప్రింటు కోసం సీఎస్ఎస్‌లో వేరే నియమాలు రాయొచ్చు. బటన్లు మాయమవుతాయి, పట్టిక తల ప్రతి పేజీ మీద మళ్లీ వస్తుంది, ఒక వరుస రెండు పేజీల మధ్య విరగదు. తెర మీద ఆకుపచ్చ, ఎరుపు రంగులతో చూపించేవి నలుపు తెలుపు జిరాక్స్‌లో ఒకేలా కనబడ్డాయి, కాబట్టి 'ఆరింది', 'తడి' అని మాటలే రాయించాను. అలా రాశాక తెర మీద కూడా ఆ మాటలే బాగున్నాయని రంగులు తగ్గించాను.

సంఘం మీటింగుకు లెక్క సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైలుగా ఇస్తే ఎక్సెల్‌లో పిచ్చి గుర్తులు వచ్చాయి. ఫైలు మొదట్లో బామ్ అనే కనబడని గుర్తు ఒకటి పెడితే తెలుగు సరిగ్గా వచ్చింది. ఇది ఎవరికైనా పనికొస్తుందని రాసి పెడుతున్నాను.

సాయంత్రం గోడ దగ్గర ఎవరో వేలితో ఒక్కో నంబరూ జరుపుతూ చదువుతుంటే చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

మే 25, ఆదివారం

ఆఖరి లారీ మొన్న పోయింది. 286 నంబర్లు. పుస్తకాన్నీ ఫోన్‌నూ పక్కపక్కన పెట్టి ముగ్గురం సరిచూశాం. నాలుగు చోట్ల తేడా వచ్చింది. మూడింట్లో బస్తాల అంకె ఫోన్‌లో తప్పు కొట్టారు, ఒకటి పుస్తకంలో. నంబర్ల వరుసలో తేడా లేదు.

చిన్నమ్మ వానాకాలానికి కొత్త పుస్తకం కొనుక్కుంది. స్కేలు పెట్టి గీతలు కొడుతోంది. ఈసారి తేమకు ఒక్క గడి కాకుండా మూడు గడులు గీసింది.

"వచ్చే సీజన్ చెరువు కట్ట కాడ ఇంకో కాంటా పెడతమంటున్నరు. ఆడ ఇంకో అమ్మాయి రాస్తది. రెండు ఫోన్లు, సీరియల్ ఒకటే ఉండాలె. అయితదా?"

సిగ్నల్ లేని రెండు ఫోన్లు ఒకే నంబరును ఇద్దరికి ఇవ్వకుండా ఉండాలి. ఒకదానికి సరి, ఇంకోదానికి బేసి నంబర్లు ఇవ్వొచ్చు, కానీ ఒక కాంటాకు ట్రాక్టర్లు ఎక్కువ వస్తే వరుస అర్థం లేకుండా పోతుంది. రెండు వేరే వరుసలు పెట్టి, గన్నీ సంచుల దగ్గర కలపొచ్చు. దానికి ముందు సంచులు రెండు కాంటాలకు ఎట్లా పంచుతారో చిన్నమ్మను అడగాలి. ఆమె గీతలు కొట్టడం అయ్యేదాకా పక్కనే కూర్చున్నాను.